కథలో కుందేలుకి స్వెటర్

అడవిలో కథలు చెప్పే ముళ్ళపంది ఒకటి ఉండేది. ఓ రోజు కథలో కుందేలు చలిలో కొండ దాటాల్సిన చోట ముళ్ళపంది కథ ఆపేసి, తన ముళ్ళే రెండు సూదులుగా పీక్కుని దానికి ఊలుతో స్వెటర్ అల్లుతూ కూర్చుంది.

"అక్కా, కథ ముగిసేదాకా నా పిల్లలు నోరు తెరవం అంటున్నారు. ముద్ద పెట్టలేక చస్తున్నాను, చెప్పెయ్యవే!" అంది కాకి.

"స్వెటర్ లేకుండా ఎలా పంపను? జలుబు చెయ్యదూ?"

"కథలో కుందేలుకి జలుబేమిటే!"

"అంత దూరం వెళ్ళాక దాన్ని చూసేదెవరు?"

స్వెటర్ పూర్తయింది. కుందేలు బయల్దేరింది. "ఇంతలో పొదలోంచి పులి దూకి, పంజా ఎత్తి..." అంటూ ముళ్ళపంది మళ్ళీ ఆగింది. "ఉండండి. గోళ్ళు గుచ్చుకుంటాయి, పులికి గ్లౌజులు అల్లాలి."

పిల్లకాకులు భయంతో తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి.

కాకి గబగబా ముద్దలు కుక్కుతూ, "నిదానంగా అల్లక్కా! పులికి నాలుగు కాళ్ళు కదా!" అంది.