అక్క ఉండాది

"ఇది సినిమా పోస్టరా, చెవులు కుట్టే పండగ ఫ్లెక్సా?" అన్నాడు కదిరవన్ సార్, ఫిల్మ్ క్లాసంతా వినేలా.

దర్శినికి తల కొట్టేసినట్టయింది.

ఆమె తీసిన పొట్టి సినిమాది ఆ పోస్టర్. దాని మీద ఆమె అవ్వ కుప్పమ్మాళ్, పసుపు చీరలో, వక్కాకు నమిలే నోటితో పకపకా నవ్వుతోంది. కింద తమిళ అక్షరాల్లో సినిమా పేరు.

పెళ్లిలో మాట పట్టింపొచ్చి వెళ్లిపోయిన తమ్ముడి కోసం అక్క ఎదురుచూపు, అదే కథ. "ఇది చూసైనా నా తమ్ముడు ఇరుళప్పన్ వస్తాడేమోనే" అన్న ఒక్క ఆశతోనే అవ్వ కెమెరా ముందు కూర్చుంది.

సార్ మీద కసితో దర్శిని పోస్టర్ మళ్లీ చేసింది. రంగులు తీసేసింది. నవ్వు తీసేసింది. నలుపు తెలుపులో అవ్వ మొహం, పక్కన చిన్న దీపం. మన మాటకి మన అక్షరాలే ఉండాలని ఫోన్‌లో వెతికి మరీ తెలుగులో పేరు పెట్టింది: 'అక్క ఉండాది'.

ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని ఆ మదురై వీధిలో, తెలుగు చదవగలిగేవాడు ఒక్కడూ లేడు. కోపంలో ఉన్న మనిషికి అదెక్కడ తడుతుంది?

"ఇప్పుడుంది చూడు లుక్కు!" అన్నాడు సార్.

సినిమా వేసే రోజు పొద్దున్నే, వీధి మొదట్లో గోడకి ఒక్కతే పోస్టర్ అంటించింది. షూటింగ్‌లో గుంపుగా నిలబడమంటే వీధిలో ఒక్కరూ రాలేదు. ఆ మంట కూడా లోపల ఉడుకుతూనే ఉంది.

వెనక ఎవరో "అయ్యో" అన్నారు.

ఎవరో ముసలాయన. చంకలో మునక్కాయల కట్ట. పోస్టర్ వైపే చూస్తున్నాడు.

"ఎప్పుడమ్మా అయిపోయింది?"

షూటింగ్ సంగతనుకుంది దర్శిని. "పోయిన శుక్రవారమే, తాతా."

"అంతా అయిపోయిందా?"

"అంతా అయిపోయింది."

ఆయన పూలంగడికి పోయి రోజామాల తెచ్చాడు. పోస్టర్ పైన గోడమేకుకి తగిలించాడు. తడి మాల బరువుకి, ఇంకా ఆరని కాగితం నిలువునా చిరిగింది.

దర్శినికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం తాతా, పొద్దున్నే తాగొస్తివా? కావాల్సినప్పుడు ఒక్కరూ రాలే! అంతా అయిపోయినాక మాల తెచ్చేదానికి సిగ్గు లేదూ?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"లేదమ్మా. నాకు సిగ్గు లేదు."

గోడకి నుదురు ఆనించి "పమ్మక్కా... పమ్మక్కా" అని ఏడ్చాడు.

"పోంగ తాతా, ముందు ఇక్కణ్ణుంచి పోంగ!"

మునక్కాయల కట్ట గోడవారన పెట్టేసి, "ఇంక ఏ మొగంతో ఇంటికి పొయ్యేది" అని గొణుక్కుంటూ ఒట్టన్‌చత్రం పోయే బస్సెక్కాడు.

దర్శిని విసవిసా ఇంటికి పోయి అవ్వని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"చూడవ్వా, ఆ తాగుబోతు ఏం చేసినాడో!"

అవ్వ తన మొహం చూసింది. దీపం చూసింది. మాల చూసింది. పక్క గోడ నిండా అట్లాంటివే, పోయినవాళ్లకి అంటించే కన్నీర్ అంజలి పోస్టర్లు.

"ఏమే, బతికుండగానే నాకూ కన్నీర్ అంజలి కొట్టించేస్తివే!" అని పగలబడి నవ్వింది.

దర్శిని నవ్వలేదు. 'ఎప్పుడమ్మా అయిపోయింది' అన్న మాట ఇప్పుడు ఇంకోలా వినపడింది.

"అవ్వా... ఆ తాత ఏడ్చినాడు. పమ్మక్కా, పమ్మక్కా అని."

అవ్వ నవ్వు ఆగిపోయింది. వంగి, మునక్కాయల కట్ట తీసుకుంది.

"చిన్నప్పుడు 'కుప్పమ్మక్కా' అని నోరు తిరక్క, ఇరుళప్పన్ ఒక్కడే నన్ను అట్ట పిలిచేది" అంది.