సత్ప్రవర్తన

"నా సత్ప్రవర్తన రద్దు చేయండి సార్!"

సంతకం పెట్టబోతున్న జైలరు కలం గాల్లోనే ఆగిపోయింది. శిక్ష తగ్గించమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళను ఆయన బోలెడుమందిని చూశాడు. తగ్గించిన శిక్ష మళ్ళీ పెంచమన్నవాణ్ణి చూడడం ఇదే మొదలు.

పక్కనే నిలబడ్డ వడ్రంగం మాస్టారుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఖైదీలకు తలుపులు, కిటికీలు, బీరువాలు చేయడం నేర్పేది ఆయనే. ఆయన శిష్యులందరిలోకీ వీడే మొనగాడు. అద్దంలా నున్నగా అయ్యేదాకా చెక్క మీంచి చిత్రిక తీయడు గనక, జైలంతా వాణ్ణి 'చిత్రిక' అనే పిలుస్తుంది.

"ఇవాళ శనివారం. వడ్రంగం పరీక్ష సోమవారం. రెండే రెండు రోజులు లోపల ఉండనివ్వండి సార్" అన్నాడు చిత్రిక.

"మతి పోయిందేంట్రా? సాయంత్రం నాలుగింటికి నీ విడుదల."

"పోనీ, సోమవారం బయట నుంచి వచ్చి పరీక్షకి కూర్చుంటాను."

"కుదరదు. అది ఖైదీల పరీక్ష. బయటివాళ్ళకి లేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఏడాదిన్నర నేర్చుకున్నాడండీ. చేతిలో ఆ సర్టిఫికెట్ లేకపోతే, జైలు నుంచి వచ్చినవాణ్ణి ఏ షాపువాడు గుమ్మం ఎక్కనిస్తాడు చెప్పండి?"

"రూలంటే రూలే మాస్టారూ. సత్ప్రవర్తన జాబితా పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు కాదంటే నా ప్రవర్తనకి నేను సంజాయిషీ రాసుకోవాలి."

చిత్రిక ఒక్క క్షణం ఆలోచించాడు. బల్ల మీది గాజు గ్లాసు తీసి నేలకేసి కొట్టాడు.

"పర్వాలేదు, పర్వాలేదు. ఇంటికెళ్తున్నామన్న సంతోషంలో చేతులు వణుకుతాయి" అన్నాడు జైలరు.

"మీరు ఒట్టి దద్దమ్మ!"

"చూశారా మాస్టారూ? వెళ్ళిపోయేరోజున ఎంత చనువొచ్చిందో!"

ఇక లాభం లేదనుకుని చిత్రిక ఎదురుగా ఉన్న కుర్చీని అమాంతం పైకెత్తాడు. నేలకేసి విరగ్గొట్టేవాడే. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయి, దాన్ని తలకిందులు చేసి చూశాడు.

"ఎవడు చేశాడండీ ఇది? కాలు దగ్గర అతుకు వదిలేసింది. కూర్చున్నవాళ్ళు పడిపోరూ?" అంటూ నేల మీద చతికిలబడి, కాలు ఊడదీసి, నోటితో దుమ్ము ఊది, చిన్న చెక్కముక్క ఒకటి సందులో పెట్టి అరచేత్తో గట్టిగా దిగ్గొట్టాడు. మళ్ళీ నిలబెట్టి, రెండుసార్లు ఊపి చూశాడు. కదల్లేదు.

"ఇందుకే నీకు సత్ప్రవర్తన ఇచ్చింది" అంటూ జైలరు సంతకం గీకేశాడు.

సోమవారం పది గంటలకు పరీక్షాధికారి వచ్చాడు. ఖైదీలు ఎవరి పని దగ్గర వాళ్ళు నిలబడ్డారు. మూలన ఒక గోడబీరువా మాత్రం దిక్కులేనిదానిలా ఉంది. దాని తలుపులు రెండూ ఇంకా బిగించలేదు.

"ఇదెవరిది?"

"వాడు... రాలేడండీ" అన్నాడు మాస్టారు నేల చూపులు చూస్తూ.

అధికారి పేరు కొట్టేయబోతుంటే గుమ్మం దగ్గర అలికిడయింది. ఇద్దరు వార్డర్లు చెరో రెక్కా పట్టుకుని చిత్రికను లోపలికి తెచ్చారు. ఒంటి మీద మళ్ళీ ఖైదీ బట్టలు. మోకాలు చెక్కుకుపోయింది.

మాస్టారు గబగబా ఎదురెళ్ళాడు. "రెండ్రోజులు ఓర్చుకోలేకపోయావట్రా? ఏం వెధవ పని చేశావ్?"

"తర్వాత తిడుదురుగాని మాస్టారూ. ముందు ఆ తలుపుల మడతబందులు ఇలా అందుకోండి."

గంటన్నరలో తలుపులు రెండూ ఎక్కాయి. అధికారి వేలితో అలా తాకాడో లేదో, కనురెప్పల్లా చప్పుడు లేకుండా కలుసుకున్నాయి. మధ్య సందులో కాగితం దూర్చబోతే దూరలేదు. ఆయన అక్కడికక్కడే మొదటి శ్రేణి అని రాసేశాడు.

మాస్టారుకి సంతోషమూ సగమే, బాధా సగమే. సర్టిఫికెట్ వచ్చింది సరే, మళ్ళీ ఎన్నేళ్ళు లోపల ఉండాలో!

అప్పుడొచ్చాడు జైలరు. చిత్రికను చూసి నోరు వెళ్ళబెట్టాడు. "మొన్న సాయంత్రం వీణ్ణి నేనే గేటు దాటించాను కదయ్యా! అప్పుడే ఏం నేరం చేసి తగలడ్డాడు?"

పెద్ద వార్డరు తల గోక్కున్నాడు.

"పుస్తకంలో ఏమని రాయాలో మాకూ తోచట్లేదు సార్. తెల్లారుజామున జైలు గోడ దూకుతుంటే పట్టుకున్నాం... బయట నుంచి లోపలికి!"