ముప్పై రోజుల సెలవు

పెళ్లయిన తొమ్మిదేళ్లలో పండరి నీలకు రాసిన ఉత్తరాలు రెండు. ముఖం తెలియని మగవాళ్లకు రాసిన పోస్టుకార్డులు నాలుగు వందలు దాటాయి.

ఆ రెండింట్లో ఒకటి గ్యాసు బండ గురించి.

కార్డులన్నీ చదరంగానివి. బాన్సువాడ వడ్ల గోదాములో గుమాస్తా అయిన పండరి, పోస్టులో ఆడే పోటీల్లో పన్నెండేళ్లుగా ఓడిపోతున్నాడు. కార్డుకు ఒక ఎత్తు. ఆలోచనకు మూడు రోజుల గడువు. ఈసారి ఈ ఒక్క ఆట గెలిస్తే ఫైనల్స్‌కు చేరతాడు, పత్రికలో పేరు పడుతుంది.

ఎదుటివాడు సృజన్. నంబర్ 11, కేరాఫ్ రుబీనా, హైదరాబాదు.

సృజన్ రెండో ఎత్తుకే బంటును ఎర వేశాడు. అయిదో ఎత్తుకు గుర్రాన్నీ వదిలేశాడు. పావులను ముందే ఇచ్చేసి రాజు మీదికి ఉరికే ఇలాంటి ఆటను గాంబిట్ అంటారు.

"ఇది చెల్లదు," అని తీర్పు చెప్పాడు పండరి. అమీర్ పాషా హోటల్లో చాయ్ తాగే పదిమందికీ చెప్పాడు. "ఓపిక లేనోళ్ల ఆట. తిని కూసుంటె వానికేం మిగలది."

తిని కూర్చున్నాడు.

సృజన్ కార్డుల నిండా చీమల్లాంటి అక్షరాలు. మీరు ఇది ఆడితే నేనిది, అది ఆడితే ఇది అంటూ నాలుగైదు ఎత్తులు ముందే రాసి పంపేవాడు. అలా రాస్తే రోజులు కలిసొస్తాయి.

"చూసినవా పొగరు? నా ఎత్తులు గూడ వాడే రాస్తుండు. ఎవరింట్లనో కిరాయికుండి, మోటర్‌సైకిల్ మీద తిరిగే పోరడయ్యుంటడు. దేనికైనా తొందరే."

"నీ లెక్క మూడు దినాలు గోడ చూసుకుంట కూసోవాల్నా?" అంది నీల.

తొంభై ఆరు దసరా నాటికి పండరి రాజు నడిబల్ల మీద చిక్కుకున్నాడు. గుర్రం ఎక్కువే ఉంది, దానికి కదిలే చోటు లేదు. పండరి అన్నం ముందు కూర్చుని కంచం అంచున వేళ్లతో ఎత్తులు వేసుకునేవాడు. గోదాములో వడ్ల బస్తా మీద సుద్దముక్కతో గళ్లు గీసి మాట పడ్డాడు. ఎటు కదిపినా రాజు తప్పించుకోలేని మేట్ కనిపిస్తోంది. బల్ల తుడిచి తుడిచి ఆట నేర్చుకున్న నీలకూ కనిపిస్తోంది.

"ఓడిపోయిన అని రాయరాదు? పీడ పోతది."

"రాయ. పన్నెండేండ్లయింది, నీలా. ఇది గూడ పోతె ఇగ బల్ల ముట్ట." కార్డు ముందుకు లాక్కున్నాడు. "యాడాదికి ముప్పై దినాలు ఆట ఆపి సెలవు పెట్టొచ్చని రూల్ ఉంది. పెడత. ఎక్కడో ఓ కాడ దొరుకుతది దీనికి జవాబు."

"గా మనిషి ఎదురుచూస్తడు గద."

"చూడనీ. ముప్పై దినాలకు వాని సొమ్మేం పోతది?"

కార్డులు డబ్బాలో వేసేది నీలే. బస్టాండు ముందు డబ్బా దగ్గర ఆగి, సెలవు కార్డు కింది ఖాళీలో తనూ ఒక వాక్యం రాసింది: 'తమ్ముడూ, మీకింత తొందరెందుకు? ఇట్లు, నీల, ఇంటామె.'

ముప్పై రోజులూ అయిపోయాయి. జవాబు దొరకలేదు. పండరి కళ్లు మూసుకుని ఏనుగును ఒక గడి జరిపి కార్డు పంపాడు.

తిరుగు కార్డు రాలేదు. వారం పోయింది, మూడు వారాలు పోయాయి. చివరకు పోటీ నడిపేవాళ్ల ఉత్తరం వచ్చింది. ఎదుటి ఆటగాడు గడువు దాటాడు కనుక ఆట మీదే అని.

అమీర్ పాషా హోటల్లో ఆ పూట చాయ్‌లన్నీ పండరివే.

"చెప్పలేదా నేను, చెల్లదని?"

"మేట్ చేసినవా అన్నా, ఆయన రాలేదా?" అని పాషా అడిగాడు.

చాయ్ చల్లారిపోతుందన్నాడు పండరి.

నాలుగో రోజు కార్డు వచ్చింది. సృజన్ రాతే. పెన్సిలుతో, వంకరగా. ఏనుగు జరిపితే ఇది, మంత్రి జరిపితే ఇది, రాజు పారిపోతే ఇది. పండరి నెలరోజులు వెతికిన దారులన్నీ అందులో ఉన్నాయి. బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే ఆడి చూశాడు. ప్రతి దారీ మేట్ దగ్గరే ఆగింది.

"గడువు దాటినంక పంపుతె ఏం లాభం?" అని గొణిగాడు.

నీల కార్డు తిప్పింది. చిరునామా పక్కన తనకు జవాబుంది.

'అక్కా, డాక్టర్లు నాకు ఆరు నెలలే అన్నారు. నిదానంగా ఆడే ఆటలు నాకు అందవు. అందుకే గుర్రాన్ని ఇచ్చేశాను. అన్న సెలవు అయ్యాకే ఇది పంపుతాను.'

ఆ కింద వేరే చేతిరాత: 'పదకొండో నంబరు మంచం పేషంటు. పోయిన నెల చనిపోయాడు. ఇది దిండు కింద దొరికింది. రుబీనా, నర్సు.'

పైకి చదివి, నీల కార్డును బల్ల అంచున పెట్టింది.

 పండరి ఓటమి ఒప్పుకుంటూ తన రాజును తానే పడుకోబెట్టాడు.

"నాదే తప్పు, నీలా," అన్నాడు. "ఆయన ఆట చెల్లుతది. నేను సెలవు పెట్టకుంటె, గెలిచి పోతుండె."