మంచుసీమ పురుగులు

“సున్నా దాటేసింది వరుణ్! ఫ్రీజర్లో మంచంతా కారిపోతోంది!” ఫోన్లో దాదాపు ఏడ్చేసింది శ్రీజ.

“నేను జకార్తాలో కూర్చుని ఏం చెయ్యను చెప్పు? మన తెలుగువాళ్ల గ్రూపులో అడుగు, ఎవరైనా మెకానిక్‌ని పంపిస్తారు,” అన్నాడు భర్త.

పరాయిదేశంలో, సెరంగూన్ పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటు. ఆగిపోయిన ఫ్రిజ్‌లో ఒక గాజుడబ్బా, అందులో పన్నెండు గొంగళిపురుగులు. ధ్రువప్రాంతపు సీతాకోకచిలుకల పిల్లలవి. రెండు చలికాలాలు గడ్డకట్టుకుని పడుంటేగాని వాటికి రెక్కలు రావు. ఒక్క జత అమ్మమని ఎవరెవరో మెయిళ్లు పెడుతుంటారు, శ్రీజ చదవకుండానే కొట్టేస్తుంది. ల్యాబులో మరమ్మతులని నిన్ననే వాటిని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడివి చస్తే మూడేళ్ల పరిశోధన గంగలో కలిసినట్టే.

గ్రూపులో అంతా రాసిపడేసింది. ఫ్రిజ్ సంగతి, పురుగుల సంగతి, డోర్ నంబరుతో సహా.

“నూకరాజు గారని మెకానిక్ ఉన్నారమ్మా, మన శ్రీకాకుళమే. చెప్పాను, వస్తారు,” అని తారాదేవి ఆంటీ జవాబిచ్చింది.

పావుగంటలో బెల్ మోగింది. గుమ్మంలో నలభై ఏళ్ల మనిషి, చేతిలో చిన్న సంచి, భుజాన నీలంరంగు ఐస్‌బాక్స్.

“నూకరాజు గారేనా?”

“ఆఁ, అవునమ్మా. కంగారుపడకండి. పురుగులున్నాయని రాశారుగా, అందుకే ఐసు కూడా తెచ్చాను.”

తెలుగుమాట చెవినపడగానే శ్రీజకి ప్రాణం లేచొచ్చింది. దేశంకాని దేశంలో మనవాడంటే ఆ ధైర్యమే వేరు.

అతను ఫ్రిజ్‌కి చెవి ఆనించాడు. వైరు కదిపి చూశాడు.

“కంప్రెసర్ పోయిందమ్మా. ముందు వీటిని చూద్దాం. బతికే ఉన్నాయా?”

“అదే తెలీడంలేదండీ! కరిగితే చచ్చిపోతాయి!”

“ఎన్ని?”

“పన్నెండు.”

డబ్బాని పసిబిడ్డలా రెండు చేతులా అందుకున్నాడు. ఐసులో పూడ్చి, గుడ్డ కప్పి, మూత బిగించాడు. అతని ఓపిక చూసి శ్రీజకి కన్నీళ్లొచ్చాయి.

“ఈ ఐసు గంటకన్నా ఆగదమ్మా. కింద మా బండిలో ఫ్రీజరుంది. అందులో పెట్టి, కొత్త పార్టు పట్టుకొచ్చేస్తాను.”

“నేనూ వస్తాను.”

“మీరొస్తే ఎలాగమ్మా? కంప్రెసర్ మళ్లీ తిరుగుతుందేమోనని ప్లగ్గు పెట్టే ఉంచాను. పొగొస్తే టక్కున పీకెయ్యాలి. లేకపోతే ఇల్లంటుకుంటుంది.”

శ్రీజ పరుగున వెళ్లి స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడింది.

“జాగ్రత్తండీ, కుదుపులు తగలకుండా...”

“నా ప్రాణంలా చూసుకుంటానమ్మా,” అంటూ అతను లిఫ్టెక్కాడు.

పది నిమిషాలైంది. పొగ రాలేదు. ఒళ్లంతా చెమటతో తడిసిపోయినా, పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది. ‘దేవుడిలా వచ్చాడు వరుణ్, అన్నీ క్షేమం’ అని ఒంటిచేత్తో మెసేజ్ కొట్టింది.

అంతలో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“అమ్మా, మెకానిక్ నూకరాజునండి, మీ ఇంటికి ఇప్పుడే యీషున్ స్టేషన్‌లో ట్రైనెక్కాను.”