గడ్డిపోచ చేసిన పాపం

“మన వంశం సమాధుల దగ్గర వీడికి చోటు లేదు. అంతే!” ఊరిపెద్ద గావ్ తాతయ్య చేతికర్ర నేలకేసి కొట్టాడు.

పితృమందిరం ముంగిట్లో వెదురు పాడె మీద పెంగ్ శవాన్ని బోర్లా పడుకోబెట్టారు. వీపు నిండా చెట్టు వేళ్ళలా పాకిన ఎర్రటి గీతలు. తాతయ్య కర్ర మొనతో వాటిని చూపించాడు.

“ఇవి గీతలు కావు, రాత. ఆకాశం రాసిన రాత. ఎవరికీ తెలియని పాపమేదో చేశాడు. లేకపోతే ఇంతమంది ఉండగా పిడుగు వీణ్ణే వెతుక్కుంటూ వస్తుందా?”

“ఆ రాత చదివి ఏం పాపమో చెప్పండి మరి!” అంది పెంగ్ భార్య సూయి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“చదివే విద్య నాకెక్కడిది? చేసినవాడికే తెలియాలి.”

క్వైజీ సీమలో పిడుగుపాటుకు పోయినవాడంటే ఆకాశం శిక్షించినవాడనే లెక్క. ఊరి బయట పూడుస్తారు. మందిరంలో పేరు పలక పెట్టరు, ధూపం వెయ్యరు. పన్నెండేళ్ళు కాపురం చేసిన మొగుడు దిక్కులేని దయ్యమై తిరగాలా? సూయి చుట్టూ చూసింది. నిన్నటిదాకా తన ఇంట్లో అన్నం తిన్నవాళ్ళే, మల్బరీ ఆకు కోతకు మనుషులు చాలకపోతే పెంగ్‌ని పిలిచి చెట్లెక్కించుకున్నవాళ్ళే, ఇవాళ మొహాలు తిప్పుకుని నిలబడ్డారు. ఇంత నమ్మకద్రోహమా!

ఆమె పక్కన నిలబడింది లియెన్ ఒక్కతే. మూడేళ్ళ కిందట మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల. సూయితో కలిసి ఒకే పొయ్యి మీద పట్టుగూళ్ళు ఉడికించే నేస్తం. నిన్న వానకు పెంగ్ తలదాచుకున్నది ఆమె మల్బరీ తోటలోనే.

“నా తోటలోకి రాకపోతే బతికేవాడు బావ,” అని నిన్నటినుంచీ సూయికన్నా ఎక్కువగా ఏడుస్తోంది.

“నాదొక్క మాట,” అంటూ యాన్ పంతులు ముందుకొచ్చాడు. పిల్లలకు అక్షరాలు నేర్పే మనిషి. ఊళ్ళో సగంమంది ఆయన్ని తిక్కవాడంటారు. “వెంట్రుకలు కమిలాయి. చర్మం కాలిన వాసన వేస్తోంది. ఎర్రగా కాగే కొలిమిలో నీళ్ళు పోస్తే భగ్గున లేచి మనిషిని కాల్చదూ? మబ్బుల్లో జరిగేదీ అదే. అది నిప్పయ్యా, న్యాయాధికారి కాదు.”

“నిప్పయితే వీణ్ణే ఎందుకు పట్టుకుంది?”

“చెట్టు బంక రాయిలా గట్టిపడితే అయ్యే అంబర్ పూసను రుద్ది దగ్గర పెడితే గడ్డిపోచ ఎగిరొచ్చి అతుక్కుంటుంది. ఆ పోచ ఏం పాపం చేసిందని? ఇదీ అంతే. కోపమూ లేదు, తీర్పూ లేదు.”

“మాటలకేం, కోటలు దాటతాయి! చూపించు. పోచ కదిలితే పాడె మన సమాధులకే పంపిస్తా. కదలకపోతే నోరు మూసుకుని బడికి పో.”

ఊళ్ళో అంబర్ ఉన్నది సూయి మెళ్ళోనేనని అందరికీ తెలుసు. పెళ్ళికి పెంగ్ ఎద్దును అమ్మి మరీ కొన్న పూస. నకిలీవి తిరుగుతున్నాయని పుట్టింటివాళ్ళు భయపెడితే, ఆ మొదటి రోజే సూయి దాన్ని కసుక్కున కొరికి చూసింది. గాటు పడింది. పెంగ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటినుంచీ ఆమెను ‘ఎలుకా’ అనే పిలిచేవాడు. ఎందుకో వాళ్ళిద్దరికే తెలుసు. కిందటేడు తాడు మార్పించుకొస్తానని పూసను పట్నం తీసుకెళ్ళి, ఆ గాటు కూడా అరగదీయించానంటూ తెచ్చాడు. నున్నగా మెరిసింది గానీ, సూయికి మనసులో ఏదో వెలితిగానే ఉండిపోయింది.

పంతులు పూసను కుంపటి సెగకు కాచి తేమ పోగొట్టాడు. పట్టుగుడ్డతో రుద్ది పోచ దగ్గర పెట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ రుద్దాడు. నుదుట చెమటలు పట్టాయి.

“ఇది అంబర్ కాదమ్మా,” అన్నాడు చివరికి. “కోడిగుడ్లూ చేపగుడ్లూ ఉడికించి చేసిన నకిలీ.”

“దొరికింది పాపం!” గావ్ తాతయ్య ఎగిరి గంతేసినంత పని చేశాడు. “కట్టుకున్నదాని మెళ్ళోనే నకిలీ కట్టాడు! ఆకాశానికి కళ్ళున్నాయర్రా!”

“ఆయన మోసం చెయ్యలేదు, మోసపోయాడు!” సూయి అరిచింది. “పట్నంలో ఎవడో దొంగ కళ్ళుగప్పాడు!” ఆ ముఖం తెలియని వెధవ ఎదురుపడితే గొంతు నులిమేసేదే.

ఎవరూ వినలేదు. కొందరు నవ్వారు కూడా. పాడె మోసేవాళ్ళు ఊరి బయటి దారి వైపు తిరిగారు.

“ఆగండి!” లియెన్ కేక పెట్టింది. పైబట్ట లోపలినుంచి చిన్న మూట తీసింది. “మా అమ్మ పోతూ పోతూ ఇచ్చిన పూస. దీంతో చూడండి. బావ దిక్కులేనివాడిలా పోకూడదు.”

సూయి ఆమె భుజం పట్టుకుంది. ఊరంతా ఒకెత్తు, ఈ పిల్ల ఒక్కతీ ఒకెత్తు.

“పంతులు చేతిలో ఏం గారడీ ఉందో! పెళ్ళామే రుద్దాలి,” అన్నాడు తాతయ్య.

పంతులు కాచి ఇచ్చిన పూసను సూయి పట్టుగుడ్డలో పెట్టి బలంకొద్దీ రుద్దింది. కొసన పట్టుకుని పోచ మీదికి వంచింది. పోచ చటుక్కున లేచి అతుక్కుంది.

“అమ్మో!” అని జనం రెండడుగులు వెనక్కి వేశారు.

గావ్ తాతయ్య కర్ర ఎత్తి పాడె మోసేవాళ్ళను వెనక్కి పిలిచాడు. “సరే, నిప్పే. పాపం లేదు, గీపం లేదు. మన సమాధుల దగ్గరికే తీసుకెళ్ళండి.”

పాడె లేచింది. “గెలిచావమ్మా,” అని పంతులు సూయి తల మీద చెయ్యి వేశాడు. లియెన్ కళ్ళు తుడుచుకుంటూ చెయ్యి చాచింది.

“పూస ఇలా ఇవ్వక్కా. పద, వాళ్ళు వెళ్ళిపోతున్నారు.”

సూయి కదల్లేదు. గుప్పిట బిగించి ఉంది. లోపల బొటనవేలు ఒక్కచోటనే మళ్ళీ మళ్ళీ తడుముతోంది.

“ఏమైందక్కా?”

పూస మీద ఎలుక కొరికిన గాటు ఉంది.