పన్నెండేళ్ల టారగన్

కోడలు వేరు పట్టుకుని లాగింది. చేతికి బురదే వచ్చింది. అయ్యో! టారగన్ మొక్క నిలువునా కుళ్లిపోయింది.

చలికాలంలో పైన ఎండిపోయినా వేరు బతికే ఉంటుందనీ, మళ్లీ చిగురేస్తుందనీ అత్తగారు చెప్పే వెళ్లింది. అయినా ఎండిన మొక్కని చూసి జాలిపడి, రెండు నెలలుగా పూటపూటా నీళ్లు పోసింది ఈ మహాతల్లి.

కూతురి దగ్గరికి వెళ్లిన అత్తగారు రేపే వస్తోంది.

"ఒక్కసారి నాటాను. పన్నెండేళ్లుగా అదే మొక్క!" అంది వెళ్లేముందు. "సోంపు వాసనొచ్చే ఈ ఆకు వెయ్యకపోతే నా కోడికూర నోట పెట్టలేరు. దీన్ని బతికించి చూపించు, పెరడంతా నీదే. లేదా, ఆ గులాబీల మాట మళ్లీ ఎత్తకు."

గులాబీలు కోడలి అయిదేళ్ల కోరిక. వీధి చివరి నర్సరీకి పరిగెత్తింది.

"టారగన్ విత్తనాలున్నాయా?"

"అసలు రకానికి విత్తనాలుండవమ్మా. వేరు చీల్చి నాటుకోవాల్సిందే. ఇదిగో, చిగురేసిన పిలక."

దాన్ని తెచ్చి అదే గుంటలో పాతిపెట్టింది.

మర్నాడు అత్తగారు సంచి దింపకుండానే పెరట్లోకి నడిచింది. చిగురు చూసి నోరు తెరిచింది. ఆకు తుంచి నమిలింది.

"నిజంగా అదేనా?"

"ఇంకేదవుతుంది అత్తయ్యా?" అంది కోడలు.

"నీ చెయ్యి మంచిదే అమ్మాయ్," అంది అత్తగారు నీరసంగా. "పెరడు నువ్వే చూసుకో."

గెలిచినందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో కోడలికి తెలియలేదు.

ఆదివారం గులాబీ మొక్కల కోసం అత్తా, కోడలూ, కొడుకూ కారెక్కారు.

"ఊరవతల నర్సరీలో మంచి రకాలున్నాయట," అంది కోడలు.

"అక్కడికే పోదాం," అంది అత్తగారు ఠక్కున.

ఇద్దరి మాటా కలవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"వీధి చివర నర్సరీ పెట్టుకుని అంత దూరం ఎందుకే?" అంటూ కొడుకు అక్కడే కారాపాడు.

కోడలు అత్తగారి వెనక నక్కింది. నర్సరీ ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. కొంప మునిగిందనుకుంది. ఆయన మాత్రం ఆమె వంక చూడనైనా లేదు.

"ఏం పెద్దమ్మగారూ, ఏటా వచ్చేవారు, ఈసారి టారగన్ మొక్కకి రాలేదేం?"