ఫొటోకి అడ్డం

"అన్నయ్యా, మళ్లీ ఇతనే పడ్డాడు!"

సత్యవేణి ఫోను తిప్పి అన్న లక్ష్మునాయుడికి చూపించింది.

ఫొటోలో ఆమె ఐదేళ్ల కొడుకు సింహాద్రి. కొత్త గుండు మీద చందనం, మెళ్లో సన్నటి గొలుసు, పాదాలు మునిగే నీళ్లలో నిలబడి నవ్వుతున్నాడు. వాడి వెనకాల చొక్కా లేని ముసలాయన ఒకడు. ఖాకీ నిక్కరు, మాసిన గడ్డం.

"బీచి అన్నాక మనుషులుండరేటే? ఇంకోటి తియ్యి," అన్నాడు లక్ష్మునాయుడు, మురీ మిక్చర్ నములుతూ.

పొద్దున్నే సింహాచలంలో పిల్లాడి తలనీలాలు ఇచ్చారు. పెళ్లయిన పదకొండేళ్లకి పుట్టినవాడు. "నువ్విచ్చిన బిడ్డే స్వామీ, నువ్వే దగ్గరుండి చూసుకో" అని సత్యవేణి కళ్లు మూసుకుని మొక్కుకుంది. ఆ తర్వాత కైలాసగిరి, సబ్‌మెరీన్ మ్యూజియం చూసుకుని పొద్దు వాలే వేళకి బీచిలో దిగారు. సెలవు దొరక్క పాలకొండలో ఉండిపోయిన మొగుడికి ప్రతి చోటినుంచీ ఫొటో పంపుతానని ఆమె మాటిచ్చింది.

ఫొటో బాగా రావాలని, ఎవరో రాయి మీద ఆరేసుకున్న పసుపు చొక్కాని కూడా కాలితో రాయి వెనక్కి నెట్టేసింది.

"ఓ బాబూ! కాస్త పక్కకి జరుగు. ఫొటోకి అడ్డం వస్తన్నావు."

అతను జరగలేదు. పిల్లాడిని చూపించి, ఒడ్డు చూపించి, గొంతులో ఏదో గరగరలాడించాడు.

"తాగున్నట్టున్నాడు. మనమే జరుగుదాం, పద," అన్నాడు లక్ష్మునాయుడు.

కాస్త దూరం జరిగారు. అతనూ జరిగాడు.

సత్యవేణి అన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నయ్యా, సబ్‌మెరీన్ కాడ కూడా ఒక ఖాకీ నిక్కరోడున్నాడు. ఇతనేనేటి?"

"ఖాకీ నిక్కరు ఊళ్లో ఒక్కడికే ఉంటాదేటే? ఉండు, గుంటడికి మొక్కజొన్న పొత్తు తెస్తాను."

అన్న అటు వెళ్లాడు. సత్యవేణి తల వంచి మొగుడికి ఫొటోలు పంపుతోంది.

ఉన్నట్టుండి ఒక పెద్ద కెరటం మోకాళ్ల దాకా వచ్చి చీర తడిపేసింది. ఫోను తడిసిపోతుందని ఆమె చెయ్యి పైకెత్తింది.

కెరటం వెనక్కి పోయాక చూస్తే పిల్లాడు లేడు.

ఎడమవైపు, దూరంగా, ఆ ముసలాయన! సింహాద్రిని భుజాన తలకిందులుగా వేసుకుని, వీపు మీద కొడుతూ రోడ్డు వైపు పరిగెడుతున్నాడు.

"పిల్లాణ్ని ఎత్తుకుపోతన్నాడు! పట్టుకోండి! పొద్దుట్నుంచీ మా వెనకాలే తిరుగుతన్నాడు!"

పొద్దుట్నుంచీ అన్న మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

జనం ఎటునుంచి వచ్చారో వచ్చేశారు. ఒకడు పిల్లాడిని లాక్కుని ఆమె చేతుల్లో పెట్టాడు. మిగతా చేతులన్నీ ముసలాయన మీద పడ్డాయి.

"పేరేట్రా? ఎవుర్రా నువ్వు? మాటాడవేట్రా?"

అతని గొంతులో గరగర తప్ప మాట లేదు. కింద పడ్డాక కూడా వేలు సముద్రం వైపే చూపిస్తున్నాడు.

సింహాద్రి తల్లి భుజం మీద భళ్లున ఉప్పునీళ్లు కక్కాడు.

"అమ్మా... నీళ్లు లాక్కుపోనాయి నన్ను. తాత పట్టుకున్నాడు."

సత్యవేణి పిల్లాడిని చంకనేసుకుని జనంలోకి దూసుకెళ్లింది.

"ఆగండి! కొట్టకండి! బాబూ, మీకు దండం పెడతాను, ఆగండి!"

ఇందాకటి అరుపు విన్నవాళ్లెవరూ ఈ అరుపు వినలేదు.

చివరికి మురీ మిక్చర్ అమ్మే అప్పయ్యమ్మ గంప అక్కడే పారేసి వచ్చి అతని మీద అడ్డంగా పడింది.

"ఒలమ్మో! మా నూకయ్యరా! ఆడికి నోరు నేదురా సచ్చినోళ్లారా! ఎవుణ్ని కొడతన్నార్రా!"

చేతులు ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి. ఆ చేతుల మనుషులూ తగ్గిపోయారు.

నూకయ్యని ఆటోలో ఎక్కించేటప్పటికి అతనికి స్పృహ లేదు.

కానిస్టేబులు వచ్చి అడిగాడు. "కేకలేసింది మీరేనామ్మా?"

అప్పుడే వచ్చిన లక్ష్మునాయుడు, చేతిలో పొత్తు చల్లారిపోతుండగా, చెల్లెలికి అడ్డు నిలిచాడు.

"మా తప్పేటి లేదండి. ఆడే వెంటపడ్డాడు. ప్రతి ఫొటోలోనూ ఉన్నాడు, కావాలంటే చూడండి."

అప్పయ్యమ్మ అవేమీ వినడం లేదు. రాయి చుట్టూ తిరుగుతూ దేనికోసమో వెతుకుతోంది. వెనక ఇసుకలో కూరుకుపోయిన పసుపు చొక్కా దొరికింది. తీసి దులిపింది. దాని వీపు మీద పెద్ద అక్షరాలు: లైఫ్ గార్డ్.

"మద్దేనం పూట ఎవులో గుంటల్ని ఇద్దర్ని బయటికి లాగినాడు. తడిసిపోనాదని ఆరేసుకున్నాడు. ఇక్కడికెవుడు తోసినాడో!" చొక్కాని చంటిబిడ్డలా గుండెలకి పట్టుకుంది. "ఈలేస్తే ఈ హోరులో ఎవులింటారు బాబూ? మిగతావోళ్లయితే అరుస్తారు. ఈడు అరవనేడు. అందుకే ఎల్లి నిలబడతాడు."

కానిస్టేబులు ఫోను కోసం చెయ్యి చాచాడు.

సత్యవేణి ఇవ్వలేదు. తనే ఒక్కొక్క ఫొటో జరుపుతూ చూసింది.

బీచిలో తీసిన ప్రతి ఫొటోలోనూ నూకయ్య పిల్లాడికి దగ్గరుండి, చేతులు కాస్త చాచి, సముద్రానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.